ఉప్పు తగలని జాడీ

పూల వ్యాపారంలో సరుకు చేతికందిన క్షణం నుంచే తరుగు మొదలవుతుంది. బియ్యం బస్తా ఏడాది ఆగుతుంది. ఇనుము తుప్పు పట్టినా తూకానికి పనికొస్తుంది. చామంతి మాత్రం పొద్దున బంగారం, సాయంత్రానికి చెత్త. తెనాలిలో పూలకొట్టు పెట్టి నెగ్గుకొచ్చిన నిర్మలకు ఈ సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఏ పువ్వు ఎంతసేపు నిలుస్తుందో, ఏ పెళ్లివారు ఎక్కడిదాకా బెట్టుచేసి ఎక్కడ దిగుతారో ఒక్క చూపులో తేల్చేది. రోజూ పొద్దున్నే రేపల్లెలో రైలెక్కి కొట్టుకి వచ్చేది, దీపాలవేళకి ఇల్లు చేరేది. మనుషుల్ని కూడా సరుకులాగే బేరీజు వేసుకునేది: ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు, ఇస్తున్నట్టు కనబడుతూనే పుచ్చుకునేవాళ్లు.

ఆ బేరీజుకు లొంగని మనిషి అత్తగారు అచ్చమ్మ ఒక్కతే. కోడలు పెట్టింది తినేది. బాగుందనేది కాదు, బాగాలేదనీ అనేది కాదు. ఆవిడ మనసులో తన పద్దు ఎక్కడుందో ఇన్నేళ్ల కాపురంలో నిర్మలకు తెలియలేదు. అలాంటి మనిషి మంచం పట్టాక ఒక శనివారం గోడవైపు తిరిగి పడుకునే, “ఈ వారం నుంచి చర్చిలో పూలు నువ్వు పెట్టు” అంది. అంతే. ఇంటి తాళాలు కొడుక్కిచ్చింది, మెడలో గొలుసు మనవరాలికి వేసింది. కోడలి చేతిలో పెట్టింది ఆ ఒక్క పని. నిర్మల దాన్ని ఆస్తి పంచుకున్నట్టే అందుకుంది.

రేపల్లెలో వాళ్ల చర్చి బలిపీఠం మీద పూలు పెట్టడం అచ్చమ్మ పెళ్లై వచ్చిన కొత్తలో మొదలుపెట్టిన పని. ఆవిడ పూలు పెట్టేది ఇత్తడి పాత్రలోనో గాజు పాత్రలోనో కాదు, పచ్చడి జాడీలో. పైన గోధుమరంగు, కింద తెలుపు, బానలాంటి ఒళ్లు, పొట్టి మెడ. బలిపీఠం మీద పచ్చడి జాడీ ఏంటని కొత్తగా వచ్చిన ప్రతి అయ్యగారూ ముఖం చిట్లించేవాడు. అచ్చమ్మ సమాధానం చెప్పేది కాదు. అందులో నాలుగు తెల్ల చామంతులు, రెండు లిల్లీ కొమ్మలు, పెరట్లోంచి తెచ్చిన కరివేపాకు రెమ్మ ఒకటి గుచ్చేది. అయ్యగారు మళ్లీ ఆ మాట ఎత్తేవాడు కాదు. బెంగళూరు నుంచి పెట్టెల్లో దిగే పూలతో మండపాలు నింపే నిర్మలకు కూడా అంతకంటే బాగా పెట్టడం చేతకాదు. ఆ జాడీలో పూలు ఎవరో నిలబెట్టినట్టుండవు, వాటంతటవే నిలబడ్డట్టుంటాయి.

అచ్చమ్మ పోయాక సమాధి కట్టించేటప్పుడు నిర్మలకొక ఆలోచన వచ్చింది. సమాధుల మీద పెట్టిన గిన్నెలు, కూజాలు మర్నాటికి ఉండవు, ఎవరో ఎత్తుకుపోతారు. అందుకని తలవైపు దిమ్మెలో ఆ జాడీని నిలబెట్టి మేస్త్రి చేత సిమెంటుతో బిగింపించింది. ఆవిడ వస్తువు ఆవిడ దగ్గరే ఉంటుంది, పూలూ ఉంటాయి. సమాధుల పండుగనాడు కొవ్వొత్తుల వెలుగులో అది చూసి ఊరంతా మెచ్చుకుంది. “కోడలంటే నిర్మలమ్మా” అన్నారు. బలిపీఠానికేముంది, కొట్టునిండా ఫ్లవర్‌వాజులే.

పండుగ వెళ్లిన వారం నుంచి పూలు నిలవడం మానేశాయి.

మొదటిసారి పెట్టింది ఇత్తడిది, బరువైనది. శనివారం సాయంత్రం ముచ్చటగా సర్ది తాళం వేయించింది. ఆదివారం పొద్దున చర్చి కాపలా చూసే సీమోను తలుపు తీసి కబురంపాడు. వచ్చి చూస్తే ఇత్తడి వాజు పెట్టినచోటే ఉంది. నీళ్లు అంచుదాకా ఉన్నాయి. పూలు మాత్రం బయట, బలిపీఠం గుడ్డ మీద, కాడలన్నీ ఒకేవైపుగా పడుకుని ఉన్నాయి.

“పిల్లేమన్నా దూరిందా బాబాయ్?” అంది నిర్మల.

“పిల్లి దూరితే నీళ్లు ఒలకవా అమ్మా?” అన్నాడు సీమోను. “అయినా ఏ పిల్లి ఇంత వరసగా పేరుస్తుంది? మా ఇంటావిడ కట్టెలు కూడా ఇట్టా పేర్చదు.”

నిర్మల నవ్వేసింది. మూతి వెడల్పైన పాత్ర, కాడలు పొడుగు, జారిపడ్డాయి. వ్యాపారికి కారణం దొరకని నష్టమంటూ ఉండదు. తర్వాతి వారం ఇరుకు మూతి గాజుది తెచ్చింది. పాత్రకు ఒకటిన్నర రెట్లకు మించి కాడ ఎత్తు ఉండకూడదన్న తన పద్ధతి ప్రకారం కాడలు కత్తిరించింది. పడ్డాయి. అడుగున గులకరాళ్లు పోసింది. పడ్డాయి. పచ్చ స్పాంజి కోసి దిగేసింది. ఆ స్పాంజిలో దిగిన కాడ గట్టిగా లాగితే తప్ప ఊడదు. ఆ వారం తుమ్మెద ఒకటి లోపల గిరగిరా తిరుగుతుంటే అయ్యగారు ప్రసంగం చెబుతున్నారు. అందరూ చూస్తుండగా చామంతి ఒకటి నెమ్మదిగా పైకి లేచి, ఎడమకి ఒరిగి, గుడ్డ మీదకి జారింది. దాని వెనకే ఇంకొకటి. ప్రసంగం ఆగలేదు గానీ వినేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

బలిపీఠానికి ఎడమవైపు గోడ. ఆ గోడ అవతల సమాధుల దొడ్డి.

పూలు ఎత్తడానికి వెళ్లిన నిర్మల మరొకటి కూడా చూసింది. వాజును పక్కకు జరిపితే కింద గుడ్డ మీద గుండ్రటి తడి మరక ఉంది. గాజు వాజు అడుగు తన పిడికిలంత. మరక జానెడు. ఆ జానెడు అడుగు దేనిదో ఎవరూ చెప్పక్కర్లేదు. గుడ్డను మడిచి సంచిలో పెట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు.

స్త్రీల సమాజం పెద్ద కరుణశ్రీ టీచరు చర్చి మెట్ల దగ్గర ఆపింది.

“ఏమనుకోకు వదినా, నలుగురూ అనేదే చెబుతున్నాను. అచ్చమ్మత్తయ్యకి నీ చేతి పూలు ఇష్టం లేవేమోనని అనుకుంటున్నారు.”

“ఇష్టం లేకపోతే నాకెందుకు అప్పజెప్పింది వదినా?”

“అదే నేనూ అన్నాను. అయినా వచ్చే నెల మొదటి ఆదివారం ఆవిడ జ్ఞాపకార్థ కూడిక కదా. ప్రభుభోజన సంస్కారం కూడా ఆరోజే. అప్పుడు కూడా ఇట్టాగే జరిగితే బాగోదు. పోనీ ఆ వారానికి పూలు మా కోడలు పెడుతుందిలే.”

“మా అత్త కూడికకి పూలు మీ కోడలు పెట్టేదేంటి?” అంది నిర్మల. మాట గట్టిగానే వచ్చింది. వేరేవాళ్లు ఏమనుకున్నా ఆమెకు పెద్ద పట్టింపు లేదు. వ్యాపారంలో మాటలు పడ్డ మనిషే. కానీ కూడికనాడు కూడా పూలు బయటికొచ్చి పడుకుంటే, ఇచ్చిన ఆ ఒక్క పనిని అత్త వెనక్కి తీసుకున్నట్టే. ఇన్నేళ్లూ తెలియకుండా ఉన్న పద్దు అప్పుడు అందరి ముందూ తేలిపోతుంది, సున్నాగా. పోయినవాళ్ల దగ్గర తిరిగి బేరమాడటానికి వీలుండదు.

ఆ రాత్రి అన్నం దగ్గర భర్త జాన్‌బాబుతో అంది, “అలాంటి జాడీ ఇంకోటి దొరుకుతుందేమో కనుక్కోండి. పాతది.”

జాన్‌బాబు మజ్జిగ వంచుకున్నాడు. “జోడు జాడీలని చెప్పేది అమ్మ. పెళ్లికాకముందు బాపట్ల పక్కన రైతుల ఇంట్లో పనికి పోయేది. ఒకటి అమ్మ తెచ్చుకుంది. రెండోది వాళ్లింట్లోనే ఉందనేది.”

“వాళ్లు మీ అమ్మకి ఊరికే ఇచ్చారా?”

“ఏమో. అడిగితే మాట మార్చేది.”

మర్నాడు నిర్మల కొట్టు తెరవకుండా బాపట్ల వెళ్లింది. ఆ కుటుంబం పొలాలు కౌలుకిచ్చేసి టౌనులో మేడ కట్టుకుంది. ఇంటి పెద్దావిడ మాణిక్యాంబ వరండాలో కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

“ఎవరమ్మాయ్?”

“అచ్చమ్మ కోడల్నండి. రేపల్లె నుంచి వచ్చాను.”

పెద్దావిడ చెయ్యి ఆగింది. “అచ్చమ్మ ఎట్టా ఉంది?”

“పోయిందండి. ఏడాది కావస్తోంది.”

“నాకంటే చిన్నదే.” మాణిక్యాంబ మళ్లీ కాయ తుంచింది. “ఏ పనైనా మనం చెప్పేలోపే చేసేసేది. ఇదీ అట్టాగే చేసిందన్నమాట. కూర్చో. తనూజా, కాఫీ పట్రా.”

కాఫీ వచ్చింది, ఇంట్లోవాళ్లు తాగే గ్లాసులోనే. నిర్మల ఆ గ్లాసును గమనించింది. తను గమనించడం పెద్దావిడ కూడా గమనించింది. జాడీ సంగతి చెప్పగానే కోడలు తనూజ నవ్వింది.

“ఆ జాడీయా అండీ? దాన్నిండా మాగాయ ఉంది. అత్తయ్య దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వదు. మైలపడితే పచ్చడి బూజు పడుతుందంట.”

“నువ్వు లోపలికి పో,” అంది మాణిక్యాంబ. తనూజ వెళ్లాక చిక్కుడుకాయల చేట పక్కన పెట్టింది.

“నేను కాపరానికొచ్చిన ఏడు కొన్నారవి. పచ్చళ్ల రోజులు. కడిగి వాకిట్లో ఎండబెట్టాం. మీ అత్త దొడ్లో కారం దంచుతోంది. ఉన్నట్టుండి వాన. నేనొకటి ఎత్తుకుని లోపలికి పరిగెత్తా. రెండోది తడిసిపోతుందని అచ్చమ్మ ఎత్తుకుని వరండా ఎక్కింది. మా అత్తగారు చూసింది. చూసి, ఆ జాడీ ఇంక వంటింటి గడప దాటడానికి వీల్లేదంది.”

“తర్వాతండి?”

“తర్వాతేముంది. అచ్చమ్మ వరండా దిగి వాకిట్లో నిలబడింది, జాడీ చంకనేసుకుని. ఎక్కడ పెట్టమంటారు అమ్మగారూ అని అడిగింది. ఎక్కడ పెట్టమంటారు? లోపల పెట్టకూడదు. పారెయ్యమనడానికి కొత్తది. ఎవరూ ఏమీ చెప్పలేదు. వాన కురిసినంతసేపూ అట్టాగే నిలబడింది. వాన వెలిసింది. జాడీ నిండింది. ఆ నీళ్లు కూడా వంచకుండా అట్టాగే పట్టుకుని నడిచిపోయింది. మళ్లీ పనికి రాలేదు.” మాణిక్యాంబ వీధివైపు చూసింది. “అప్పటి రోజులు అట్టాంటివి. ఏం చేసిందది జాడీని?”

“చర్చిలో పూలు పెట్టేదండి. చనిపోయేదాకా.”

పెద్దావిడ తనూజను పిలిచి మాగాయ వేరే గిన్నెలోకి తీయించింది. జాడీ కడిగించి, తుడిపించి, తన చేత్తోనే నిర్మల చేతికిచ్చింది. “నీళ్లు పోసి చూసుకో మరి. జన్మంతా ఉప్పు తిన్న జాడీ ఇది. మీ అత్తది ఉప్పు తగలనిది.”

ఆ మాటలోని సంగతి నిర్మలకు తెనాలిలో అర్థమైంది. కొట్టులో ఆ జాడీలో మంచినీళ్లు పోసి చామంతులు పెట్టింది. మధ్యాహ్నానికి రేకులు వేలాడాయి. సాయంత్రానికి కాడలు నల్లబడ్డాయి. వేడినీళ్లతో కడిగింది, చింతపండు వేసి తోమింది, ఎండబెట్టింది. మళ్లీ అదే. ఏళ్ల తరబడి ఊరిన ఉప్పు పింగాణీ పగుళ్లలో దిగి కూర్చుంది. అది ఎన్నిసార్లు కడిగినా వదలదు. అందులో ఏ పువ్వూ బతకదు.

జోడులో ఒకటి పచ్చడికి, ఒకటి పూలకి. పూలదాన్ని తీసుకెళ్లి తను సిమెంటులో పాతిపెట్టింది. అత్త మీద ప్రేమతోనే పాతిపెట్టింది. నిర్మల కొట్టులో స్టూలు మీద కూర్చుని ఆ బేరాన్ని మొదటినుంచీ చూసుకుంది. ఒకసారి గడప బయటికి పోయాక మళ్లీ లోపలికి రాకూడదన్న వస్తువు అది. దాన్ని చంకనేసుకుని అచ్చమ్మ ఊళ్లో అన్నిటికంటే ఎత్తైన చోటుకి తీసుకెళ్లి పెట్టింది. తిరిగి రాకూడని చోటుకి, సమాధుల దొడ్డికి, దాన్ని మళ్లీ పంపింది తనే.

కూడిక ముందు శనివారం మధ్యాహ్నం సుత్తి, ఉలి తీసుకుని బయల్దేరుతుంటే జాన్‌బాబు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

“సమాధి పగలగొడతావా? ఊళ్లో తలెత్తుకోగలమా? అక్కడికి పోయిన వస్తువు ఇంటికి తెచ్చుకోకూడదు నిర్మలా. చీపురు కూడా తెచ్చుకోరు.”

“ఇంటికి తేవట్లేదు.”

“చర్చిలో పెడతావా? అది ఇంకా తప్పు.”

“మీ అమ్మ నాకు పూలు పెట్టమని చెప్పింది. దేంట్లో పెట్టాలో నేను చూసుకుంటా. తప్పుకోండి.”

సమాధుల దొడ్డిలో ఎండ మండుతోంది. సీమోను గేటు దగ్గరే నిలబడిపోయాడు, లోపలికి రానన్నాడు. నిర్మల దిమ్మె దగ్గర కూర్చుంది. నెలరోజులుగా వాన లేదు. అక్కడికొచ్చి నీళ్లు పోసినవాళ్లూ లేరు. సమాధి మీద పండుగనాటి పూలు ఎండి పొడైపోయాయి. అయినా జాడీ అంచుదాకా నీళ్లున్నాయి, చల్లగా, తేటగా. వాసన చూసింది. వాననీళ్ల వాసన.

ఆ నీళ్లు వంచలేదు. ఉలి పెట్టి సిమెంటు చుట్టూ కొట్టడం మొదలుపెట్టింది. ప్రతి దెబ్బకీ నీళ్లు వలయాలు తిరిగేవి గానీ ఒక్క చుక్క ఒలకలేదు. చివరికి జాడీ కదిలింది. అడుగున సిమెంటు ముద్ద కరుచుకుని ఉంది, ఎంత గీకినా రాలేదు. నిర్మల దాన్ని చంకనెత్తుకుంది. బరువుకి నడుం ఒంగింది. గేటు దగ్గర సీమోను రెండడుగులు వెనక్కి వేశాడు.

“సాయం పట్టు బాబాయ్.”

“నన్నడక్కమ్మా. చర్చి తలుపు తీస్తా. అంతే.”

ఆదివారం పొద్దున పూలు నిలబడి ఉన్నాయి.

నాలుగు తెల్ల చామంతులు, రెండు లిల్లీ కొమ్మలు, కరివేపాకు రెమ్మ. ఒక్క రేకు రాలలేదు. నిర్మల గుమ్మంలోంచే చూసింది. అత్త ఇచ్చిన పని తన చేతిలోనే నిలిచింది. కానీ వెంటనే మరొకటి చూసింది. జనం వస్తున్నారు, జాడీ అడుగున సిమెంటు చూస్తున్నారు, అది ఎక్కడిదో పోల్చుకుంటున్నారు. పోల్చుకుని వెనక బల్లల్లో సర్దుకుంటున్నారు. ముందు వరసలు ఆడవాళ్లవైపూ మగవాళ్లవైపూ ఖాళీ.

“సమాధి సొత్తు బలిపీఠం మీదకా వదినా?” అంది కరుణశ్రీ టీచరు, గొంతు తగ్గించి. “చదువుకున్నదానివి, నీకు చెప్పాలా? దాని దగ్గరికి ఎవరొస్తారు?”

“పూలు బాగా లేవా?”

“పూలు బాగానే ఉన్నాయి.” టీచరు అటువైపు చూడకుండానే అంది. చీర కొంగు దగ్గరకు లాక్కుని వెనక్కి వెళ్లిపోయింది.

జాన్‌బాబు కూడా వెనకే కూర్చున్నాడు. నిర్మల ముందు బల్లలో ఒక్కతే కూర్చుంది. పాటలు పాడారు. వాక్యం చదివారు. అచ్చమ్మ పేరు చెప్పి ప్రార్థన చేశారు. ఇంక సంస్కారం. అయ్యగారు అప్పాల పళ్లెం ఎత్తి, రండి అన్నారు. మామూలుగా అయితే బలిపీఠం ముందున్న కొయ్య కమ్మీ దగ్గర మోకరించడానికి జనం ఒకర్నొకరు తోసుకుంటారు. ఇవాళ ఎవరూ లేవలేదు. అయ్యగారు మళ్లీ రండి అన్నారు. వెనక ఒక బల్ల కిర్రుమంది, మళ్లీ సద్దుమణిగింది.

ఒక జాడీని ముట్టుకున్నందుకు వాన వెలిసేదాకా వాకిట్లో నిలబడ్డ మనిషి నిర్మలకు గుర్తొచ్చింది. ఈ నిలబడటం ఎంతసేపో ఎవరు చెప్పగలరు? ఆమె లేచింది. కమ్మీ దగ్గరికి వెళ్లి మోకరించింది. అంత పొడవు కమ్మీ ముందు తనొక్కతే. ఎదురుగా చామంతులు. జాడీలోంచి చల్లగాలి లాంటిది ముఖానికి తగిలింది. ఎడమపక్కన పాత నేతచీర నలిగిన చప్పుడు వినబడింది, ముసలి మోకాళ్లు నేలకానేటప్పుడు వచ్చే చిన్న మూలుగు కూడా.

నిర్మల తల తిప్పలేదు.

అయ్యగారు వచ్చారు. ఆమె అరచేతిలో అప్పం పెట్టారు. చెప్పాల్సిన మాటలు చెప్పారు. తర్వాత వెనక్కి తిరిగి పోవాల్సినవాడు అలవాటు కొద్దీ కాబోలు ఒక అడుగు ఎడమకి వేశాడు. పళ్లెంలోంచి అప్పం తీసి, కిందకి వంగి, చెయ్యి చాచి, అవే మాటలు చెప్పాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

చేతిలో అప్పం లేదు.

ఆయన తన వేళ్ల వైపు చూసుకున్నాడు. తర్వాత, వయసులో చిన్నవాడైనా మంచివాడు కాబట్టి, ద్రాక్షరసం గిన్నె తీసుకుని మళ్లీ అదే వరసలో వచ్చాడు. మొదట నిర్మలకు. తర్వాత ఆ పక్కన.

వెనకనుంచి అడుగుల చప్పుడు వినబడింది. ఒక్క మనిషివి. నడక తెలిసినదే, జాన్‌బాబుది. ఆ చప్పుడుకు వెనక ఇంకా కొన్ని లేచాయి. జాన్‌బాబు వచ్చి భార్యకు ఎడమపక్క ఖాళీలో మోకాలు వంచబోయాడు.

నిర్మల అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

“అటు కాదండి,” అంది మెల్లగా. “ఇటు రండి.”